గొంతుకి గొంతనే పేరు

మా మేనత్తకు భక్తి ముదిరిందని ఇంటిల్లిపాదీ నమ్మాం. మాది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. చర్చిలో ఆడవాళ్లు తలమీద ముసుగు వేసుకోవడం మామూలే. అత్తయ్య మాత్రం ఆ కొంగును మెడచుట్టూ తిప్పి, పొయ్యి దగ్గర కూడా తీసేది కాదు. పాస్టరుగారైతే ఆవిణ్ణి చూసి నేర్చుకోమని మిగతా ఆడవాళ్లకు చెప్పారు.

ఒకరోజు గంజి వారుస్తూ చెయ్యి కాల్చుకుని, నా చేత తలంటించుకుంది. కొంగు తియ్యక తప్పలేదు. గొంతు కింద నిమ్మకాయంత వాపు!

"ఎవరికీ చెప్పకే. కోస్తారు. కోస్తే గొంతు పోద్ది. ఇక పాట ఎవరెత్తుతారు?"

మా చర్చిలో హార్మోనియం లేదు. అత్తయ్య ఎత్తితేనే పాట. అక్షరం రాకపోయినా పాటల పుస్తకమంతా ఆవిడకు కంఠతా వచ్చు.

నేను చెప్పేశాను. బందరు తీసుకెళ్లాం. డాక్టరుగారు మంచినీళ్లు మింగించి, మెడ తడిమి, "గాయిటరండీ. వదిలేస్తే ఊపిరాడదు. ఆపరేషన్ చేస్తే గొంతు బొంగురుపోవచ్చు" అన్నారు. ఆ ఇంగ్లీషు పేరు వినగానే అత్తయ్య ముఖం పాలిపోయింది.

అప్పట్లో నేను బందరులోనే పీయూసీ. నాకు తెలియనిది లేదని నా పొగరు. కాలేజీ లైబ్రరీకి పరిగెత్తి లావుపాటి డిక్షనరీ తీశాను. ఆ మాట ఫ్రెంచి మీదుగా వచ్చిందట, మూలం లాటిన్. అర్థం గొంతు, అంతే. మన వైద్యులు గళగండమన్నా గొంతు దగ్గర వాపేగా! ఆస్పత్రి వరండాలో మేష్టారిలా నిలబడి అదంతా అత్తయ్యకు అప్పజెప్పాను.

"అంటే గొంతుకి గొంతని పేరెట్టారా?"

"అంతే అత్తయ్యా."

"ఆ ముక్క చెప్పడానికి పీయూసీ చదవాలా?" అని నవ్వింది. మెడ తడుముకుని, "పోయేదీ అదేగా" అంది. నాకు ఏడుపొచ్చింది.

ఆపరేషనైన రెండు నెలలకు అత్తయ్య చర్చికొచ్చింది. కొంగు తలమీదే ఉంది, మెడమీద లేదు. కోత గుర్తు అందరికీ కనబడుతోంది. పాట ఎత్తింది. గొంతు మగవాళ్ల గొంతులా బరువుగా, కింది స్థాయిలో వచ్చింది. రెండో చరణంలో ఆగిపోయింది. నేను తలెత్తలేకపోయాను.

పక్కనున్న ముసలమ్మ, ఎప్పుడూ పైస్థాయిలో కీచుమనే మనిషి, అత్తయ్య వదిలిన ఆ కింది శ్రుతిలోనే పాట అందుకుంది. ఆడవాళ్లంతా ఆ శ్రుతికే దిగారు, వెనక మగవాళ్లూ దిగారు. అప్పుడు అత్తయ్య మళ్లీ కలిసింది.

ఇప్పటికీ మా చర్చిలో పాటలు కిందినుంచే ఎత్తుతారు. కొత్తగా వచ్చిన పాస్టర్లు ఎందుకని అడుగుతుంటారు.