ముద్దాయిల జాబితాలో మొదటి పేరు

మైదా బంకలో మైలుతుత్తం కలిపి కాస్తే వచ్చే వాసన చాలామందికి నచ్చదు. పుస్తకాలకు పురుగు పట్టకుండా అలా కలుపుతారు. పోయిన వారం అట్ట ఊడిన పుస్తకం ఒకటి అతికించుకుందామని బంక కాస్తుంటే, టీవీలో ఒక దేశపు ట్యాంకులు పక్క దేశం పొలాలను తొక్కుకుంటూ పోతున్నాయి. ఆ వాసన, ఆ దృశ్యం కలిసేసరికి మౌలాలి సార్ గుర్తొచ్చారు. ఆయన నంద్యాల కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన చేసిన ఒక పని ఏ రికార్డులోనూ లేదు. ఆ పని వల్ల ఒక గొడవ జరగకుండా పోయింది. జరగని గొడవకు ఫైలుండదు. అందుకే నాకు తెలిసినంత రాసి పెడుతున్నాను.

నేను పదో తరగతి తప్పాను. నంద్యాలలో విత్తనాల గోదాములో పనిచేస్తూ, సాయంత్రాలు లైబ్రరీకి పోయేవాణ్ని. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ అక్కడ సంపాదించుకున్నవే, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. సార్ రోజూ ఒక మూల చాప వేసుకుని చినిగిన పుస్తకాలను ఉచితంగా బాగుచేసేవారు. ఒకరోజు నేను ఒక చట్టాల పుస్తకంలో చిక్కుకుపోయి ఉంటే పలకరించారు.

"ఏందప్పా, గంట నుంచి అదే పేజీ పట్టుకోనుండావ్? కంఠతా పడతాండావా?"

"పక్క దేశం మీదికి యుద్ధానికి పోవడమే నేరమంట సార్. చాలా దేశాలు కలిసి ఒక కోర్టు పెట్టుకున్నాయంట. ఆ నేరానికి సిపాయిని పట్టరంట. పైన కూర్చోని నడిపినోడినే పడతారంట."

"మరి సిపాయి చేసే అఘాయిత్యాలో?"

"వాటికి వేరే సెక్షన్లుండాయి సార్. మొదలుపెట్టిన నేరం మాత్రం పైనోడిదే."

సార్ బంక కుంచె కింద పెట్టారు. "ముప్పై ఏండ్లు ఛార్జిషీట్లు సదివినానప్పా. జీపులో వచ్చినోళ్ల పేర్లన్నీ ఉంటాయి. జీపు పంపినోడి పేరు ఒక్కసారి గూడా సదవలేదు."

ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. మాది ఆళ్లగడ్డ దగ్గరి పల్లె. మా వైపు గొడవ అయ్యాక స్టేషనులో ఎవరు లొంగిపోవాలో ఊరిని నడిపే పెద్దాయన ఇంట్లో కూర్చుని తేల్చేవాడు. దాన్ని 'పేర్లివ్వడం' అనేవాళ్లం. ఇచ్చిన పేర్లవాళ్లు జైలుకు పోయేవారు, పెద్దాయన వాళ్ల ఇళ్లకు బియ్యం పంపేవాడు. అది ఆయన మంచితనమని మేమే చెప్పుకునేవాళ్లం.

"అయితే పెద్ద దేశాలు కొన్ని ఆ కోర్టును ఒప్పుకోలేదంట సార్. ఇంక పట్టుకునేదెవరు?" అన్నాను.

"పట్టుకునేది తర్వాత సంగతి. పేరు రాసి పెట్టినారని వానికి ముందే తెలియాల. తెలిస్తే ఒక పూటన్నా ఆలోచిస్తాడు."

ఆ వేసవిలో ఒక ఆదివారం ఊరికి పోయాను. మా ఊరి పక్క పారే వంక అవతలి ఊరివాళ్లు తరాలుగా సాగుచేసుకుంటున్న పొలాలు తమవేనని మా పెద్దాయన పట్టుబట్టాడు. గురువారం ట్రాక్టర్లతో వంక దాటి దున్నేయాలని తీర్మానమైంది. అవతలివాళ్లు గట్టు మీద రాళ్లు పోగేశారు. మా అన్న ఓబులేసు పెద్దాయన దగ్గర ట్రాక్టరు డ్రైవరు. అందరికంటే ముందు పోయేది అతని బండే.

"పోవద్దన్నా," అన్నాను.

"పోకుంటే ఈ ఊళ్లో ఎట్ల బతికేది? నువ్వు పోయి లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చోపో."

మరునాడే నంద్యాల వచ్చి, వంక దాటబోయేవాళ్ల పేర్లతో పోలీసులకు అర్జీ రాసి సార్‌కు చూపించాను. మంచి గ్రాంథికంలో రాశాను, మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన పేర్లు మాత్రమే చదివారు.

"పద్నాలుగు మంది. మీ అన్న యాడప్పా?"

నేను బంక గిన్నె పక్కకు జరిపాను.

"సరే, తమ్మునివి, రాయలేకపోయినావు. మీ పెద్దాయన పేరు ఏమాయ?"

"ఆయన రాడు సార్. ఇంట్లోనే ఉంటాడు."

"ఇంట్లో ఉండి పంపడమే కదప్పా నేరం! అంత లావు పుస్తకం సదివి, మళ్లా మీ ఊరోని మాదిరే రాసినావే."

నా జీవితంలో అంత సిగ్గుపడింది లేదు. సార్ పద్నాలుగు పేర్లూ కొట్టేసి, పైన ఒకే పేరు రాశారు. దున్నమని ఆజ్ఞ ఇచ్చింది ఈయన, రేపు ఎవరికి దెబ్బ తగిలినా మొదటి ముద్దాయి ఈయన అని రాసి, మా ఇద్దరి సంతకాలు పెట్టించారు. మూడు నకళ్లు రాయించి, స్టేషనులో ఒకటి ఇచ్చి, ఒకటి వంక అవతలికి పంపి, ఇంకొకటి తీసుకుని బుధవారం పొద్దున నాతో ఆళ్లగడ్డ బస్సెక్కారు.

పెద్దాయన వసారాలో కూర్చుని ఉన్నాడు. కేసుల పనిమీద కోర్టుకు తిరిగి సార్‌ను ఎరిగినవాడే. సార్ నిలబడే, కోర్టులో చదివినట్టు, కాగితం మొత్తం చదివారు.

"బెదిరిస్తాండావా మౌలాలీ?"

"లేదప్పా. కోర్టులో గొడవ అయినాక సదువుతాం. ఇది కాకముందు సదువుతాండా, అంతే."

"ఈ కాగితం చెల్లుతుందా?"

"చెల్లకపోవచ్చు. కానీ ఈసారి పేర్లు నువ్వియ్యలేవు. మొదటిది నేనే రాసేసినా."

పెద్దాయన చాలాసేపు నా వైపే చూశాడు. చివరికి, "కాఫీ తాగి పోండి," అన్నాడు.

గురువారం ట్రాక్టర్లు కదల్లేదు. బుధవారం రాత్రి వాన కూడా పడింది, వానకే ఆగారని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నేను వాదించను. తర్వాత సర్వేయరు వచ్చాడు, సివిల్ కేసు పడింది, అది నడుస్తూనే ఉంది. వాయిదాకు రెండు ఊళ్లవాళ్లూ ఒకే బస్సులో వస్తారు.

సార్ పోయి చాలా ఏళ్లయింది. ఆయన నుంచి నాకు మిగిలింది ఒక అలవాటు. ఏ యుద్ధం వార్త చదివినా, చనిపోయినవాళ్ల లెక్క దగ్గర ఆగిపోను. పొమ్మన్నది ఎవరని వెతికి, ఆ పేరు నోటు పుస్తకంలో రాసుకుంటాను. అది చెల్లకపోవచ్చు. అయినా రాస్తాను.

ఆ అర్జీ నకలు దాచి ఇచ్చిన సార్ కూతురు షాహీన్ గారికి, ఆ పాత చట్టాల పుస్తకం వెతికిపెట్టిన లైబ్రరీ లక్ష్మీదేవమ్మకు కృతజ్ఞతలు. వంక అవతలి పుల్లయ్యకు కూడా. ఇది రాయడం కోసం మా అన్నను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి పోయాను. మజ్జిగ పోస్తూ ఆయన చెప్పాడు: "ముందొచ్చే ట్రాక్టరు ఓబులేసుదని మాకు తెలుసు. టైరుకు కాదు, తలకే కొట్టాలనుకున్యాం. రాయి గూడా ఏరి పెట్టుకున్యా." అన్న గ్లాసు ముందుకు చాపి, ఇంకొంచెం పొయ్యమన్నాడు. వాళ్లిద్దరికీ నా కృతజ్ఞతలు.