కొట్టనివ్వని గుమ్మడికాయ

షూటింగ్ ముగిసిన రోజు గుమ్మడికాయ కొట్టడం మా ఫిల్మ్‌నగర్ ఆచారం. మేకప్ వేసుకుంటూ ఇరవై ఏళ్లుగా ఎన్ని కొట్టగా చూశానో! ఈసారి ఒకటి పెంచుదామనిపించింది.

వందల కిలోలు తూగే రాక్షసి గుమ్మడి విత్తనాలు నాలుగు తెప్పించాను. గోళ్లు అరగదీసే ఆకురాయితో అంచులు రుద్ది, గోరువెచ్చటి నీళ్లలో పూటంతా నానబెట్టాను. తడిగుడ్డలో చుట్టి, వెచ్చగా ఉంటుందని మేకప్ రూమ్ అద్దం బల్బుల కింద పెట్టాను. మూడు రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. వేడి పుట్టని ఎల్‌ఈడీలు బిగించి ఏడాదైంది, నా మతిమరుపు మండ!

మూటని ఇంటికి తెచ్చి ఫ్రిజ్ వెనక వెచ్చదనంలో పెడితే రెండు రోజుల్లో నాలుగింటికీ తెల్లటి వేళ్లొచ్చాయి. టీ కప్పుల్లో మట్టి పోసి నాటాను. సెట్‌కి తెచ్చిన మొలకలు చూసి మా ప్రొడక్షన్ మేనేజర్, "కాయ మన సినిమా ఆఖరి రోజుకి ఇస్తారుగా మేడమ్?" అన్నాడు.

"నేను కొట్టనిస్తానా? దీన్నే కొట్టాలంటే మన సినిమా ఎప్పటికీ పూర్తి కాదండీ" అన్నాను.