ఖాళీ జాగా షాలేమ్ రాజు గారు

షాలేమ్ రాజు గారికి కాగితం మీద ఖాళీ జాగా కనిపిస్తే ఒళ్ళు మండిపోతుంది. రాత ఎక్కడ ఆగితే అక్కడినుంచి అడుగుదాకా అడ్డంగా గీత కొట్టాల్సిందే. డాక్టరు చీటీ అయినా, పెళ్ళి శుభలేఖ అయినా, చర్చి కమిటీ పుస్తకమైనా ఆయన చేతికి చిక్కితే అంతే సంగతులు.

ఓసారి ఆయన భార్య సువర్ణమ్మ గారు పలాస నుంచి తేవాల్సిన సామాన్ల చీటీ రాస్తూ, కూర మాడుతోందని లోపలికి పరుగెత్తారు. తిరిగొచ్చేసరికి కందిపప్పు కింద గీత! ఆ వారమంతా ఆయనకి చప్పటి టీయే.

"పంచదారేదే?"

"రాద్దామంటే జాగా ఏదీ?" అన్నారావిడ.

నేను ఈ ఉద్దానం ఊరికి పంచాయతీ కార్యదర్శిగా వచ్చి రెండేళ్ళయింది. ఇదే నా మొదటి ఉద్యోగం, ఇంకా పర్మినెంటు కాలేదు. తొలి గ్రామసభలో జనం సంతకాలకి లేచేలోపే ఆయన ముందుకొచ్చేశారు. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. టిక్కెట్టు లేని ప్రయాణికురాలిని చూసినట్టు నన్ను చూశారు.

"ఏటమ్మా, తీర్మానాలు పైకి సదువు."

చదివాను.

"పుస్తకం ఇలాగియ్యి."

"మీకెందుకండీ?"

"గ్రామసభ పుస్తకం ఊరోళ్ళది. నాను ఊరోణ్ణి. సూడకూడదేటి?"

ఇచ్చాను. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ఆఖరి లైను కింద వేళ్ళు ఆనించి కొలిచారు.

"ఈ నాలుగు వేళ్ళ జాగా ఎవుడికమ్మా?"

"ఎవరికీ కాదండీ. దాని కింద సంతకాలు పెడతారు."

"అయితే మద్దిన గీత కొట్టు."

"నేనేమైనా దొంగనా అండీ?"

"దొంగలు సెప్పి వొత్తారేటి? గియ్యమ్మా బేగి. సూత్తన్నాను."

సభంతా గొల్లుమంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. తర్వాతి సభకి పంతం పట్టి, పేజీ నిండిపోయేలా గుమ్మడికాయలంత అక్షరాలు రాశాను. ఆయన పుస్తకం తిప్పి తిప్పి చూశారు.

"లైనుకీ లైనుకీ మద్దిన సందుందమ్మా."

ఆ సందుల్లోనూ గీయించారు! అనుమానం పెనుభూతం అన్నారు గానీ, ఈ భూతానికి స్కేలూ పెన్నూ కూడా ఉన్నాయి. ఈయన నా మీద టెక్కలిలో పై ఆఫీసుకి అర్జీలు పంపుతున్నారేమోనని నాకూ అనుమానం పట్టుకుంది. ఆయన వీధిలో ఎదురైతే నేను సందులోకి తిరిగిపోయేదాన్ని.

మొన్న వేసవిలో ఓ మిట్టమధ్యాహ్నం శ్యాంసుందర్ ఆఫీసుకొచ్చాడు. సర్పంచి గారి బావమరిది. జీడిపప్పు పొట్లం బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరగా వేశాడు.

"మేడమ్, సముద్రం ఒడ్డునున్న పంచాయతీ సరుగుడు తోట రొయ్యల సెరువులకి నాకిచ్చినట్టు రెండు లైన్లు రాసీయండి. పోయిన సభలోనే తీర్మానం అయిపోయినట్టు. కింద సంతకాలు ఎలాగూ ఉన్నాయి కదా."

తుఫానొస్తే గాలికి ఊరికన్నా ముందు నిలబడేది ఆ తోటే. ఆ సంగతి అతనికీ తెలుసు.

"మీ ఉజ్జోగం పర్మినెంటు అవ్వాలి కదా మేడమ్," అన్నాడు నవ్వుతూ.

నాకు కాదనే ధైర్యం లేదు. నిజంగానే లేదు. పుస్తకం తెరిచాను. పేజీ నిండా గీతలు!

"ఎక్కడ రాయమంటారండీ? చీమ దూరడానికి సందు లేదు. షాలేమ్ రాజు గారు గీయించేశారు."

"పేజీ సింపేత్తే?"

"పేజీకో నంబరూ, ముద్రా ఉన్నాయండీ."

శ్యాంసుందర్ పేజీలన్నీ తిరగేశాడు. షాలేమ్ రాజు గారిని ఏడు తరాల వెనక్కి వెళ్ళి తిట్టాడు. జీడిపప్పు పొట్లం కూడా పట్టుకుపోయాడు.

ఆ సాయంత్రం షాలేమ్ రాజు గారి ఇంటికి వెళ్ళాను. వాకిట్లో ఎండిన జీడిపిక్కలు గోనెకెత్తుతున్నారు. జరిగిందంతా చెప్పి, "మీరు నన్ను అనుమానిస్తున్నారనుకున్నానండీ," అన్నాను.

"నిన్నెందుకమ్మా? ఖాళీ జాగాని అనుమానించినాను. నీకు ముందు కామేశ్ బాబు ఉండీవోడు. మంచి కుర్రోడు. ఆ బాబు రాత కింద ఎవుడో రెండు లైన్లు దూర్చినాడు. బాబు ఉజ్జోగం పోనాది. కింద సంతకాల్లో నాదీ ఒకటి. పైన జాగా సూడకుండా ఎట్టీసినాను."

"ఆ రోజు నుంచే ఈ పిచ్చి. అంతకుముందు శుభ్రంగానే ఉండీవోరు," అన్నారు లోపలినుంచి సువర్ణమ్మ గారు.

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదండీ!"

"సెప్తే మనిద్దరం ఒకటే అంటారు. నిన్ను పీక్కు తింతారు. గీయించింది ముసలోడని నా మీద తోసీ. నలుగుర్లో నన్ను తిట్టు కూడా. సిల్లర లేదని ముప్పయ్యేళ్ళు తిట్టించుకున్నోణ్ణి, నాకేటి నొప్పి?"

పోయిన గ్రామసభలో శ్యాంసుందర్ ముందు వరసలోనే కూర్చున్నాడు. షాలేమ్ రాజు గారు పుస్తకం అడగ్గానే నేను విసురుగా బల్ల మీద పడేశాను.

"ఏం మనిషండీ మీరు! మా ప్రాణాలు తోడేస్తున్నారు!"

షాలేమ్ రాజు గారు పుస్తకం మీదికి వంగి, కళ్ళజోడు సర్దుకుంటూ, నాకొక్కదానికే వినపడేలా అన్నారు:

"సాల్లేదమ్మా. ఇంకొంచెం గట్టిగా."