గొంతుకో చీటీ

మైకుసెట్ల త్రినాధరావుకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. చీటీ అంటించని వస్తువు కంటపడితే ఆయనకి ఆ పూట అన్నం సయించదు. జేబులో రంగురంగుల స్టిక్కర్లు, చెవి మీద స్కెచ్ పెన్ను లేకుండా ఆయన్ని అనకాపల్లిలో ఎవరూ చూడలేదు. ఆయన ఇంట్లో ఉప్పు డబ్బా మీద ‘ఉప్పు’ అని రాసి ఉంటుంది. అందులో వింతేమీ లేదు. దాని మూత మీద ‘ఉప్పు డబ్బా మూత’ అని ఉంటుంది. పనిచేయని స్విచ్ మీద ‘రిటైర్డ్’ అని ఉంటుంది.

ఆయన భార్య ఉమాదేవి ముప్పై ఏళ్లుగా దీన్ని భరిస్తోంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు నిద్రలేచేసరికి తన గాజుల పెట్టె మీద ‘మెలోడీ’ అనీ, అట్లకాడ మీద ‘మాస్’ అనీ చీటీలు కనిపించాయట. ఆ అట్లకాడని ఆవిడ ఇప్పటికీ భద్రంగా దాచుకుంది, ఎప్పుడైనా అవసరం పడుతుందని.

ఈ జబ్బు ఆయనకి బెల్లం మార్కెట్లో అంటుకుంది. వయసులో ఉండగా అక్కడ ఆయన పని, వచ్చిన దిమ్మల్ని రంగు చూసి విడదీసి చీటీ పెట్టడం. తేనెరంగుది ఒకటో రకం, కాస్త ముదురుది రెండు, నల్లబడింది మూడు. రుచి చూడడం ఎవరి పనీ కాదు. తర్వాత ఆయన మార్కెట్ వదిలేసి మైకుసెట్ల షాపు పెట్టాడు. తీర్థాలకీ జాతరలకీ పెళ్లిళ్లకీ మైకు అడగడానికి వచ్చినవాళ్లు, అందులో పాడే మనిషిని కూడా మీరే చూడండి అనడం మొదలెట్టారు. ఇంకేం, దిమ్మలు పోయి గాయకులొచ్చారు.

షాపు గోడకి చెక్క గూళ్లు కొట్టించాడు. గూటికో కార్డు, కార్డు మీద పేరు, ఫోన్ నంబరు, ఒక రంగు చీటీ. పసుపుది భక్తి, పచ్చది జానపదం, ఎర్రది డీజే, గులాబీది పెళ్లి పాట, తెల్లది చావింటి పాట. మనిషికి ఒకటే చీటీ. అంటించింది పీకేది లేదు. ఈ రెండు సూత్రాల మీదా జిల్లా సంగీతమంతా నడిచిందంటే, సంగీతానికి ఎంత ఓర్పు ఉందో చూడండి.

దేవీప్రసాద్ అనే ఆయన ఆరేళ్లు గురువు దగ్గర కూర్చుని శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నాడు. ఖర్మ కాలి స్నేహితుడి నిశ్చితార్థంలో సరదాగా ఒక హుషారు పాట పాడాడు. అది త్రినాధరావు చెవిన పడింది. మర్నాటికి గూట్లో ఎర్ర చీటీతో కార్డు వెలిసింది. దేవీప్రసాద్ పట్టు శాలువా కప్పుకుని వచ్చి నిలదీస్తే, త్రినాధరావు శాంతంగా విని, చీటీ మార్చకుండా కింద చిన్న అక్షరాలతో ‘శాలువాతో’ అని చేర్చాడు.

డప్పు మీద జానపదాలు పాడే అప్పలరాజు సంగతి మరొకటి. పన్నెండేళ్లు పచ్చ చీటీతో బతికి, కాలం మారిందని డీజే పాటలు పట్టుకున్నాడు.

“మామా, నాను డీజే పాటలు పాడతన్నాను. నా సీటీ మార్సు.”

“నీ గొంతు మారిందేటి?”

“గొంతు అదే. పాట మారింది.”

“బెల్లం దిమ్మ బస్సెక్కి వైజాగ్ ఎల్తే మైసూరుపాక్ అయిపోద్దేటి?” అన్నాడు త్రినాధరావు.

ఆ నెల్లోనే షాపులో ‘డీజే ఏఆర్’ అని కొత్త కార్డు వచ్చింది. అతను నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పాడతాడట. తీర్థాల కమిటీలవాళ్లు అప్పలరాజు పాటలు పాతవైపోయాయని చప్పరించేసి డీజే ఏఆర్ వెంటపడ్డారు. అప్పలరాజు ఏడవాల్సింది పోయి, ఈలలు వేసుకుంటూ తిరిగాడు. అనకాపల్లి జనానికి ఇందులో అనుమానం ఏమీ రాలేదు. చెవులు అందరికీ ఉన్నాయి గానీ వాటిని వాడడం శ్రమ. చీటీ చదవడం తేలిక.

ఈ చీటీల వల్ల నిజంగా మనసు కష్టపెట్టుకున్నది కొర్లమ్మ ఒక్కతే.

కొర్లమ్మది సముద్రం ఒడ్డు పల్లె. నలభై దాటిన మనిషి, అనకాపల్లిలో గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి చేపలు అమ్ముతుంది. పదకొండేళ్ల కిందట ఆమె తండ్రి పోతే, తలదగ్గర కూర్చుని ఆయనకిష్టమైన తత్వాలు పాడింది. వీధి వీధంతా ఏడ్చింది. ఆయనతో గట్టు తగాదా ఉన్నవాడు అందరికంటే గట్టిగా ఏడ్చాడు. అంతే, మర్నాటి నుంచి ఎవరింట్లో ఎవరు పోయినా కొర్లమ్మకి కబురు. త్రినాధరావు తెల్ల చీటీ అంటించాడు.

చావింటికి పిలవడానికి వచ్చినవాళ్లు చేతులు పట్టుకుని మరీ పిలిచేవారు. అదే మనుషులు పెళ్లి పిలుపులకి బయల్దేరితే ఆమె గుమ్మం వదిలేసి పక్క గుమ్మానికి బొట్టు పెట్టేవారు. ఎదురుగా పెళ్లివారు వస్తుంటే కొర్లమ్మే సందులోకి తప్పుకునేది, పాపం వాళ్లకి శకునం చూసుకునే శ్రమ లేకుండా. ఆమె కోరిక పెద్దదేమీ కాదు. నవ్వుతున్న ఇంట్లో ఒక్కసారి పాడాలి. పదకొండేళ్లుగా ఏడుపుల మధ్య పాడి పాడి ఆమెకి గుండె బరువెక్కిపోయింది.

వాళ్లమ్మ నేర్పిన నలుగు పాటలు ఆమెకి బోలెడు వచ్చు. అవి పాడే చోటు ఒక్కటే. ప్రతి ఆదివారం ఉమాదేవికి చేపలు ఇవ్వడానికి వచ్చినప్పుడు త్రినాధరావు ఏదో ఒక మైకు చేతికిచ్చి, “నా గొంతు పట్టేసింది, కాస్త టెస్ట్ చెయ్యమ్మా” అనేవాడు. ఆయన గొంతు ప్రతి ఆదివారం ఎందుకు పట్టేస్తుందో ఆమె ఎప్పుడూ అడగలేదు. దొరికిందే చాలనుకుని మైకులో పాడుకునేది.

ఒకరోజు ధైర్యం చేసి అడిగేసింది.

“త్రినాధన్నా, నా తెల్ల సీటీ తీసెయ్. నాను పెళ్లి పాటలు పాడతాను.”

“అంటించింది పీకనమ్మా. నీకు తెలీదేటి?”

“బెల్లమైనా వానాకాలంలో రంగు మారుద్ది గదా. నాను మారకూడదేటి?”

త్రినాధరావు చెవి మీది పెన్ను తీసి, దాన్నొకసారి చూసి, మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు. మార్కెట్లో ఈ ప్రశ్న ఏ దిమ్మా ఆయన్ని అడగలేదు.

సరిగ్గా అప్పుడే దేవరాపల్లి వైపు రైతు పైడిరాజు షాపులోకి వచ్చాడు. కూతురి పెళ్లట. “నలుగు పెట్టినప్పుడు పాడే మనిషి కావాల. మా ఇంట్లో ఆడోళ్లకి పాటలన్నీ వచ్చు గానీ, ఫోన్లో ఛార్జింగ్ ఉండాల” అన్నాడు.

కొర్లమ్మ నోరు తెరిచేలోపు త్రినాధరావు అందుకున్నాడు. “ఈవిడ తెల్ల చీటీ. మీకు కుదరదు.”

పైడిరాజు ఆమె ముఖమైనా చూడకుండా రెండడుగులు వెనక్కి వేశాడు.

“మీకు రాజశ్రీ గారిని చూత్తాను” అన్నాడు త్రినాధరావు, గులాబీ చీటీ కార్డు ఒకటి తీసి. “ఆరు నెలల నుంచి ఆవిడ కోసం జనం తిరుగుతున్నారు. డేట్లు దొరకవు. ఫోటో ఇవ్వరు, సిగ్గు. ముందు గొంతు వినండి.”

వినడానికి కొర్లమ్మ అక్కడ లేదు. కళ్లనీళ్లు కనపడకుండా గంప ఎత్తుకుని రోడ్డు దాటేసింది. అవతల పూలకొట్టు దగ్గర ఆగేసరికి, బస్సుల హారన్ల మధ్యనుంచి ఆ రాజశ్రీ గొంతు స్పీకర్లో లీలగా వినపడింది. కొర్లమ్మ ఒక్క క్షణం చెవి పెట్టి, “ముక్కుతో పాడతంది” అని పూలామెకి చెప్పి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి కొర్లమ్మకి రాజశ్రీ అంటే ఒళ్లు మంట. ముఖం చూడని మనిషి మీద అంత కోపం పెంచుకోవడం కూడా ఒక విద్యే. ఆదివారాలు మైకు టెస్టింగ్ మానేసింది. ఉమాదేవికి వంజరం ఇవ్వడం మానేసి, వెతికి వెతికి ముళ్ల చేపలు ఇచ్చింది. త్రినాధరావు గొంతులో నిజంగానే ముల్లు గుచ్చుకుని రెండు రోజులు సైగలతో వ్యాపారం చేశాడు.

దారిలో అప్పలరాజు కనిపిస్తే అడిగింది. “ఆ రాజశ్రీ ఎవులో నువ్వు సూసేవేటి?”

“సూడకేటి అక్కా. ఇప్పుడూ సూత్తన్నాను” అని అతను ఈల వేసుకుంటూ పోయాడు.

పది రోజులు గడిచాక త్రినాధరావు ఫోన్ చేశాడు. “కొర్లమ్మా, రేపు పొద్దున పైడిరాజు గారింట్లో నలుగు. మైకు టెస్ట్ చెయ్యాల. నా గొంతు పట్టేసింది.”

“ఆ మహాతల్లి వత్తదా?”

“వత్తది.”

అయితే ముఖం చూసి తీరాల్సిందే అనుకుంది కొర్లమ్మ. పెట్టె అడుగున ఉన్న జరీచీర తీసి కట్టుకుంది. ఆ మనిషి ముందు తక్కువగా కనపడడం ఆమెకి ఇష్టం లేకపోయింది.

పెళ్లింట్లో పందిరి కింద పెళ్లికూతుర్ని పీట మీద కూర్చోబెట్టారు. చుట్టూ ఆడవాళ్లు, పసుపు గిన్నెలు, నవ్వులు. అప్పలరాజు సౌండ్ బాక్సులు సర్దుతున్నాడు. బాక్సు మీద ‘రాజశ్రీ’ అని పెద్ద గులాబీ చీటీ. కొర్లమ్మ నలువైపులా చూసింది.

“ఏదీ ఆవిడ?”

త్రినాధరావు జేబులోంచి కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. కొర్లమ్మ ఐదో తరగతి చదువుతో కూడబలుక్కుని పేరు చదివింది. కింద ఫోన్ నంబరు చదివింది. మళ్లీ చదివింది.

“ఇది నా నంబరు గదా.”

“చీటీ మారదని చెప్పేను. మనిషి మారకూడదని చెప్పేనేటి?”

కొర్లమ్మ కార్డు తిప్పి వెనకవైపు కూడా చూసింది. “అయితే ఆ ముక్కుతో పాడింది నానేనేటి?”

“ఆర్నెల్లు నీ చేత మైకు టెస్ట్ చేయించి రికార్డు చేసేను. ముందే నువ్వని చెప్తే ఒక్కడూ వినడు. విన్నాక, ఇంక ఆవిడే కావాలంటన్నారు” అన్నాడు త్రినాధరావు, తప్పు చేసినవాడిలా ఎటో చూస్తూ. “నీకు చెబుదామనే అనుకున్నాను. నువ్వు ముళ్ల చేపలు మొదలెట్టేవు.”

అప్పలరాజు జేబులోంచి నల్ల కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. “నాను మాత్రం ఇద్దర్ని గానేటి? ఆ శాలువా డీజే ఆయన కూడా ఇద్దరే. షాపులో కార్డులు నలభై రెండు అక్కా. గొంతులు పదిహేడు.”

పద్ధతి తప్పకూడదు, పాడేవాడి నోటికాడ కూడూ పోకూడదు. ఈ రెంటికీ త్రినాధరావు కనిపెట్టిన దారి, మనుషుల్ని పుట్టించడం. కొర్లమ్మ తప్ప మిగతా గొంతులన్నీ ఈ రహస్యాన్ని కడుపులో పెట్టుకుని, బయట మాత్రం ఆయన మొండితనాన్ని కలిసికట్టుగా తిట్టిపోసేవి.

కొర్లమ్మ మైకు అందుకుంది. రెండో చరణానికి కుదురుకుంది. ముసలమ్మలు వంత కలిపారు, పెళ్లికూతురు సిగ్గుపడి నవ్వింది. సరిగ్గా అక్కడ, పైడిరాజు తల్లి తలుపులమ్మ లేచి నిలబడి చెయ్యెత్తింది. పాట ఆగిపోయింది.

“నువ్వు మా ఇంటాయన పోయినప్పుడు పాడినామెవి గదా?”

పైడిరాజు ముఖం నల్లబడింది. కొర్లమ్మ మైకు కిందపెట్టేసి, అలవాటు ప్రకారం పక్క సందు ఎక్కడుందా అని చూసుకుంది. త్రినాధరావు ఆమె దగ్గర్నుంచి కార్డు లాక్కుని ముందుకు దూకాడు. “కాదండి. ఈవిడ వేరు. కావాలంటే చీటీ చదవండి.”

“నాకు సదువు రాదు బావూ” అంది తలుపులమ్మ. “సెవులున్నాయి.”

త్రినాధరావు కార్డుని మెల్లగా జేబులోకి తోసేశాడు.

తలుపులమ్మ వచ్చి కొర్లమ్మ ఎదురుగా కూర్చుంది. గిన్నెలో వేళ్లు ముంచి ఆమె బుగ్గకి పసుపు రాసింది. “ఆ రోజు మా ఆయన్ని నిమ్మళంగా సాగనంపేవు. నా మనవరాల్ని సాగనంపడానికి పనికిరావేటి? పాడు తల్లీ. సగంలో ఆపేసేవు, పిల్ల పసుపుతో ఎంతసేపు కూకుంటది?”

ఆ పూట కొర్లమ్మ వరసపెట్టి పద్నాలుగు పాటలు పాడింది. పైడిరాజు కూడా మొహమాటంగా దగ్గరికొచ్చి, హారతి పాట కూడా ఉందా అని అడిగాడు.

సామాన్లు సర్దుకునే వేళ కొర్లమ్మ త్రినాధరావు చెవి మీది పెన్ను లాగేసుకుంది. స్టిక్కరు మీద ఏదో రాసి, ఆయన వంగి వైర్లు చుడుతుంటే వీపుకి అంటించింది. పందిట్లో ఆడవాళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన తన కార్యక్రమం అంత రక్తికట్టిందనుకుని అందరికీ నమస్కారాలు పెట్టాడు.

ఇంటికి వచ్చాక ఉమాదేవి చదివింది. ‘రంగు మూడో రకం. తీపి ఒకటో రకం.’

“పీకీమంటారేటి?” అంది.

“అంటించింది పీకకూడదు” అన్నాడు త్రినాధరావు. వారం రోజులు ఆ చొక్కా ఉతకనివ్వలేదు.

తెల్ల చీటీ కార్డు ఇప్పటికీ గూట్లో అలాగే ఉంది. చావింటి నుంచి కబురొస్తే కొర్లమ్మ వెళుతుంది. పెళ్లింటి నుంచి వస్తే రాజశ్రీ వెళుతుంది. నలుగు అయ్యాక వచ్చిన ఆదివారం మాత్రం ఉమాదేవి ఇంటికి ఇద్దరూ కలిసే వచ్చారు, గంపలో వంజరం పెట్టుకుని.