కండెలు చుట్టని రోజు

అరవైల మొదట్లో మాట. మా పాప జ్వరంతో పోయాక మా ఆయన నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తినమని పోరితే తినేవాడు, లేకపోతే లేదు. ధర్మవరంలో మా వీధంతా మగ్గాల చప్పుడే, మా మగ్గం ఒక్కటే మూలపడింది. ఒక పొద్దున తనంతట తానే లేచి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. మా అత్త సంతోషం పట్టలేక దేవుడికి టెంకాయ కొట్టింది. నేతవాళ్ల ఇళ్లలో అంతే, మగ్గం ఆడుతుంటే మనిషి బాగున్నట్టే లెక్క.

నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. మామ పోయినప్పుడూ ఈయనది ఇదే వరస. ముందు పడక, తర్వాత ఆగని పని, ఆగని మాటలు. అప్పుడు నిద్ర మానేసి రైలు పట్టాల వెంబడి పెనుకొండ దాకా నడిచిపోయాడు. ఇంటికి తెచ్చాక మళ్లీ కుంగిపోయి బావిలో దూకితే జనం బయటికి లాగారు. పడుకోవడమూ పరుగెత్తడమూ ఒకే జబ్బనీ, నిద్ర తప్పిన వెంటనే మాత్ర వేయాలనీ అప్పుడు చూసిన బెంగళూరు డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఈసారీ నిద్ర తప్పింది. మాత్ర ఇస్తే ఉమ్మేశాడు.

"నాకేమైంది? బాగుండా. కండెలు తే" అన్నాడు.

మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే పట్టు నూలు కండెలు రాట్నం మీద చుట్టేది నేనే. అవి లేకుంటే ఎంత పనివాడైనా బెత్తెడు బట్ట నేయలేడు. మాత్ర మింగేదాకా చుట్టేది లేదని నేను రాట్నం ఆపేశాను.

"ఏమ్మే, బుద్ధుండాదా నీకు? మొగోడు పని చేస్తానంటే అడ్డం పడతాండావు" అంది అత్త.

నాకు ఒళ్లు మండింది. "నీ కొడుకు బతకాలంటే నువ్వు గమ్మునుండత్తా" అన్నాను.

ఆయన గుంటలోంచి లేచి నాడె పైకెత్తాడు. దాని కొనలకు ఇనుప మొనలుంటాయి. నేను జరగలేదు.

"మగ్గం ఆగితే పాప ఏడుపు ఇనపడతాది. చుట్టుమే" అన్నాడు.

"నీకొక్కనికేనా? రాట్నం ఆగితే నాకు ఇనపడదా?" అని అరిచాను. ఆ మాట అంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆయన నా మొహంలోకి చూశాడు. పాప పోయాక అలా చూడడం అదే మొదలు.

"నీకూనా" అన్నాడు.

నాడె కింద పెట్టి చేయి చాచాడు. మాత్ర పెట్టి నీళ్లిచ్చాను. మధ్యాహ్నానికి గురక పెట్టాడు. అత్త పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది.

చప్పుడైతే లేస్తాడని ఆ రోజంతా రాట్నం ముట్టలేదు. ఊరికే కూర్చుని, పాప ఏడుస్తుంటే వింటూ ఉన్నాను.