ఎదుటివాడి కంచం

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశానని మా ఇంట్లో చెప్పుకుంటారు. మా లెక్కల మాస్టారి కథ వేరు. బడే నన్ను మానేసిందట, ఆ రోజు స్టాఫ్ రూములో టీతో పాటు సమోసాలు కూడా తెప్పించుకున్నారట. ఎవరి మాట నిజమైనా తొమ్మిదో తరగతి మొహం నేను చూడలేదు. నా మొహం చూడకపోవడం దాని అదృష్టం. అలాంటివాణ్ణి ప్రతి వేసవికీ ఒక్కచోటికి మాత్రం ఎవరూ పిలవకపోయినా పరిగెత్తేవాణ్ణి. నడుం పట్టేస్తున్న ఈ వయసులోనూ పరిగెడుతూనే ఉన్నాను.

మధురవాడ దాటి సముద్రం వైపు మళ్ళితే ఒక జీడితోట వస్తుంది. అందులో ఒక పెంకుటిల్లు, రేకుల షెడ్డు, గిలకబావి. ఒక మాస్టారు, ఆయన భార్య, వాళ్ళ కూతురు కలిసి మే నెలంతా అక్కడ పిల్లలకి క్యాంపు నడుపుతూ వచ్చారు. క్యాంపనగానే కంప్యూటర్లూ రోబోలూ అనుకునేరు. ఇక్కడ నేర్పేది ఈత, చెట్లెక్కడం, వల అల్లడం, సాయంత్రమైతే నాటకాలు. పోర్టు క్వార్టర్స్ పిల్లలు, చుట్టుపక్కల పల్లెల పిల్లలు, ఇప్పుడైతే అపార్ట్‌మెంట్ల పిల్లలు కూడా వస్తారు. మా నాన్న పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు మోసేవాడు. క్యాంపుకి సరుకులు కొనడానికొచ్చిన మాస్టారు, బస్తాల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని వెక్కిరిస్తున్న నన్ను చూసి, మా నాన్నతో ఒక్కమాట చెప్పి ఉల్లిపాయలతో పాటు ఆటోలో పడేసుకుని తీసుకెళ్ళారు. ఉల్లిపాయలు నెలలోనే అయిపోయాయి. నేను మిగిలిపోయాను.

ఆ క్యాంపులో గట్టి రూలు ఒక్కటే. ఎవరి కంచం వాళ్ళు కడుక్కోకూడదు. మొదటిరోజు భోజనాల ముందు అమ్మ (మాస్టారి భార్యని మేమందరం అమ్మనే అంటాం) పిల్లల్ని ఇద్దరిద్దరిగా జత కలిపేది. నీ కంచం వాడు కడగాలి, వాడిది నువ్వు. ఒకసారి కలిపిన జత మళ్ళీ మారదు, పెద్దయ్యాక వచ్చినా అదే జత. అమ్మకి జత మాస్టారే. అంత బుర్రమీసాలు, అంత గొంతు ఉన్న మనిషి పిల్లలందరి ముందూ గొంతుక్కూర్చుని, కొబ్బరి పీచుతో భార్య కంచం తళతళా తోమేవారు. మా ఇంట్లో మగాడు కంచం ముందునుంచి లేవడమే పెద్ద పని చేసినట్టు లెక్క. అందుకని మొదటిరోజు నాకు నవ్వొచ్చింది. నెల తిరిగేసరికి ఆ మనిషిలా ఉండాలనిపించింది.

ఇందులో ఏముందని మీకనిపిస్తే ఒకసారి ప్రయత్నించి చూడండి. పక్కవాడి ఎంగిలి కంచం చేతిలోకి తీసుకున్నాక వాడిది ఏ కులం, ఏ మతం అని అడగడానికి నోరు రాదు. పప్పు వదిలేశాడా, కారం ఎక్కువైందా, అసలు తిన్నాడా లేదా అన్నవే కనిపిస్తాయి.

నాకు దొరికిన జత పోర్టు క్వార్టర్స్ నుంచి వచ్చిన కిరస్తానీ కుర్రాడు. మొదటివారమే బావా అంటే బావా అనుకున్నాం. వాడికి నామీద కోపమొస్తే నా కంచం అంచున పప్పు మరక ఉంచేసేవాడు. నాకొస్తే వాడి కంచంలో ఎండిన మెతుకు వదిలేసేవాణ్ణి. అమ్మ బొటనవేలితో అంచులు రాసి చూసి, "ఏరా, మళ్ళీ తగువేటి?" అని పట్టేసేది.

వాడిప్పుడు పోర్టులో క్రేను నడుపుతాడు, నేను ట్రాలీ ఆటో. వాడి పెళ్ళి విందు చర్చి పక్క హాల్లో జరిగింది. అందరికీ కాగితం ప్లేట్లు. నేను బిర్యానీ తినేసి ప్లేటు పారేయబోతుంటే, సూటూ బూటూ వేసుకున్న పెళ్ళికొడుకు గబగబా వచ్చి నా చేతిలోది లాక్కున్నాడు. చెయ్యి కడుక్కునే కుళాయి కింద పెట్టి కడగడం మొదలెట్టాడు. అలవాటు! సగం కడిగేసరికి ప్లేటు ముద్దైపోయి చేతిలో పిండిలా మిగిలింది. వాడి మావగారు బిత్తరపోయి, "అల్లుడుగారికి ఏటైందమ్మా?" అని అందర్నీ అడుగుతున్నాడు. హాల్లో మూలమూలలా ఉన్న క్యాంపు వాళ్ళం మాత్రం కుర్చీల మీద పడి నవ్వాం. మాస్టారైతే కళ్ళు తుడుచుకున్నారు.

ఆ మాస్టారు మొన్న చలికాలంలో పోయారు.

ఈ మే నెలలో క్యాంపు తెరిచిన రోజు ఎప్పట్లాగే పాతవాళ్ళం పనికి వెళ్ళాం. పిల్లల్ని ఈసారి కూతురే జతలు కలిపింది. అమ్మ వంటగది దాటి బయటికి రాలేదు. భోజనాలకి ముందు కూతురు నన్నూ మా బావనీ బావి దగ్గరికి పిలిచింది.

"అన్నయ్యా, అమ్మ సరిగ్గా తినట్లేదు. వంటింట్లో ఒక్కర్తీ రెండు ముద్దలు నోట్లో వేసుకుని, ఎవరూ చూడకుండా తన కంచం తనే కడిగీసుకుంటంది. పంక్తిలోకి రమ్మంటే రానంటంది. ఇలాగైతే మనిషి నిలబడదు. తనే లేకపోతే వచ్చే ఏడాది క్యాంపు నానెలా తెరవగలను?"

ముందు నేను వెళ్ళాను. జోకులేశాను. అమ్మ నవ్వింది, కదల్లేదు. తర్వాత మా బావ వెళ్ళి, "ఇకనించి మీ కంచం నాను కడుగుతానమ్మా" అన్నాడు.

"నీకు జతున్నాడు కదా నాయినా. ఒకడు రెండు కంచాలు కడగడం మన రూలు కాదు" అంది.

రూలు పెట్టిందే ఆవిడ. ఇద్దరం వెనక్కొచ్చేశాం.

బావి గట్టు మీద చతికిలబడ్డాం. అప్పుడు బావకి గుర్తొచ్చింది. "క్యాంపులో కొట్టుకున్నోళ్ళకి శిక్షేటిరా?" అన్నాడు. అమ్మకి చెరో పక్కన కూర్చుని అన్నం తినడమే శిక్ష. మధ్యలో అమ్మ కూర్చుని ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టేది. ఎంతమంది శత్రువులు అలా పెరుగన్నం దాకా వచ్చేసరికి దోస్తులైపోయారో!

"అయితే కొట్టుకుందాం" అన్నాను.

పంక్తి వేసి, మామిడికాయ పప్పు వడ్డిస్తున్నప్పుడు మొదలెట్టాం. "పోర్టులో క్రేనెక్కీసరికి కిందున్నోళ్ళు నీకు సీమల్లా కనబడతన్నారేటి?" అని నేనే అందుకున్నాను. బాగా వచ్చిందనుకున్నాను. కానీ మా బావ తడుముకోకుండా అందుకున్నాడు.

"ఫోన్ సేత్తే దార్లో ఉన్నానంటావు. వెనకాల మీ ఇంట్లో టీవీ ఇనబడతాది. మా అమ్మ ఆసుపత్రిలో ఉంటే ఇడ్లీలట్టుకుని వచ్చావు, కారిడార్లో కూకుని నువ్వే తినీశావు. మా పాప పుట్టినరోజుకి పాడమంటే మైకట్టుకుని, పిల్లలు ఏడిసీదాకా ఒదల్లేదు. ఆ బండికి బ్రేకులేయించరా అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను!"

ఇది మేమనుకున్న నాటకంలో లేదు. నిజంగానే ఒళ్ళు మండి లేచి నిలబడ్డాను. పిల్లలు ముద్దలు నోటి దగ్గరే ఆపేశారు. ఒక అపార్ట్‌మెంట్ పిల్ల, "వీళ్ళ జత క్యాన్సిలా?" అని పక్కపిల్లని అడిగింది.

వంటగది గుమ్మంలో అమ్మ కనిపించింది. చేతిలో తన కంచం ఉంది.

"ఇద్దరూ కూకోండి" అంది.

కూర్చున్నాం. పిల్లలు జరిగి చోటిచ్చారు. అమ్మ మా ఇద్దరి మధ్యా కూర్చుంది. కూతురు వడ్డించింది. అమ్మ ఒక ముద్ద తిని నన్ను తిట్టింది, ఇంకో ముద్ద తిని బావని తిట్టింది. మా తప్పులు ఎక్కువ కాబట్టి అన్నం సరిపోలేదు. మళ్ళీ వడ్డించమంది. పప్పు అయ్యాక చారు, చారయ్యాక పెరుగు. కూతురు గరిటె పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడింది.

భోజనాలయ్యాక అమ్మ లేచి కంచం మా ఇద్దరి మధ్యా పట్టుకుంది. "తగువాడినోళ్ళిద్దరూ కలిసి నా కంచం కడగాల. ఇయ్యాల్టినించి ఇదీ రూలే" అంది. పిల్లలందరూ చూస్తుండగా ఒక అంచు నేనూ ఒక అంచు బావా పట్టుకుని తోమాం. అంత శుభ్రంగా నేను జీవితంలో ఏ కంచమూ కడగలేదు. ఆవిడ బొటనవేలితో రాసి చూసి, పెదవి విరిచి, పరవాలేదంది.

సాయంత్రం నాటకాల వేళ షెడ్డులో అమ్మ పక్కన చేరాను. నా గొప్ప నేను చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు? "ఎలా నటించానమ్మా? మిమ్మల్ని పంక్తిలో కూకోబెట్టీశానా లేదా?" అన్నాను.

అమ్మ నా వైపు తిరగనైనా తిరగలేదు.

"నీ నటన ఎవడు సూశాడ్రా? ఆడు నిన్ను తిట్టినవి ఒక్కటీ అబద్ధం కాదు. అవి దగ్గరగా కూకుని ఇందామని వచ్చాను."