మిర్చి గదికి లేతాకుపచ్చ రంగు

కాపురానికొచ్చిన కొత్తల్లో మనిషికి ఎక్కడలేని ధైర్యం ఉంటుంది. సింగరాయకొండ నుంచి గుంటూరు పక్కనున్న మా అత్తగారి ఊరికి వచ్చిన రోజుల్లో నాకూ ఉండేది. సమస్యల్లా మా పడగ్గదే. అందులో మా ఇద్దరితో పాటు మిర్చి టిక్కీలు కూడా కాపురం ఉండేవి (ఇక్కడ బస్తాని టిక్కీ అంటారు). రేటు వచ్చేదాకా అమ్మకూడదని మామయ్య పంతం. కోల్డ్ స్టోరేజీకి పంపితే కాయ కళ్లముందు ఉండదని బెంగ. అందుకని అవి మా మంచం పక్కనే దర్జాగా నిలబడేవి. మా ఆయన నాతో ముద్దుగా ఏదైనా చెప్పబోతే మొదటి మాటకే తుమ్మొచ్చేది.

ఒకసారి రేటు లేచి టిక్కీలన్నీ గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లాయి. ఇదే అదనని, గదికి రంగులు వేస్తామని మామయ్యతో చెప్పాను. ఆయన నవ్వి, "వేసుకోండమ్మా. బాగా కుదిరితే గది మీది. కుదరకపోతే రెండో కోత కాయ అందులోనే పెడతా" అన్నారు.

ఫోనులో వీడియో చూశాను. గోడ దులపాలి, కడగాలి, బాగా ఆరనివ్వాలి, పగుళ్లకు లప్పం పెట్టాలి, ప్రైమరు వేయాలి, ఆపైన రంగు. ఆ వీడియో చేసినాయన మిర్చి గదిని ఎప్పుడూ చూసి ఉండడు. మా ఆయన చీపురుతో ఒక్క దులుపు దులిపాడో లేదో, ఏళ్ల తరబడి గోడకంటిన కారమంతా పైకి లేచింది. గాలికి పోతుందని ఫ్యాను వేశాను (ఆ తెలివి నాదే). వంటింట్లో అత్తయ్య, అరుగు మీద మామయ్య, ఎదురింటివాళ్ల గేదె, అందరూ తుమ్మారు. "ఒరేయ్, రంగులేస్తున్నారా, ఊరు ఖాళీ చేయిస్తున్నారా?" అని ఎదురింటి బాబాయి ఒకటే కేకలు.

గోడలు కడిగితే ఎర్రటి నీళ్లు కారాయి. అవి పూర్తిగా ఆరేదాకా ఆగాలి. కానీ అవతల కల్లంలో ఆరబోసిన రెండో కోత కాయ అప్పుడే గలగలమంటోంది. గోడకంటే ముందు కాయ ఆరితే మా గది పోయినట్టే. చేత్తో తడిమి, "పొడిగానే ఉందిలే" అని ఒకరికొకరం ధైర్యం చెప్పుకుని, ప్రైమరు సంగతి కూడా మర్చిపోయి లేతాకుపచ్చ పూసేశాం. ఆ పూట గది ఎంత బాగుందో! మర్నాటికి గోడ పూరీలా పొంగింది. వేలితో నొక్కితే పొర ఊడి చేతికొచ్చింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది (కారానికి కాదు).

సరిగ్గా అప్పుడే వాకిట్లో ట్రాక్టరు ఆగింది. మామయ్య లోపలికొచ్చి ఒక పొక్కు నొక్కి చూసి, "పాపం" అని, కూలీలకేసి తిరిగి "తేండ్రా లోపలికి" అన్నారు. అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నేను కాపరానికొచ్చిందీ ఈ గదిలోకే. మీ టిక్కీల పక్కన దగ్గుతానే నా కొత్త రోజులన్నీ అయిపోయినయ్. గోడదేముంది, గీకి, ఆరబెట్టి, మళ్లీ పూస్తారు. పిల్లల కొత్త రోజులు మళ్లీ పూస్తారా మీరు? అంత ముద్దుంటే తీసకపోయి మీ మంచం పక్కన పెట్టుకోండి. నేను వసారాలో పడుకుంటా."

టిక్కీలు మామయ్య గదిలోకి వెళ్లాయి. అత్తయ్య చీరకొంగు నడుముకు దోపుకుని మాతో పాటు పొక్కులు గీకింది. ఈసారి గోడ ఎండేదాకా ఆగాం, ప్రైమరు వేశాకే రంగు ముట్టుకున్నాం. గది మాకు దక్కింది.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడా గదిలో మాకు అడ్డొచ్చేవి ఏమీ లేవు. మా ఆయన నడుం వాల్చగానే గురక పెడతాడు. అంత పోట్లాడి తెచ్చుకున్న ఏకాంతంలో నేనొక్కదాన్నే కూర్చుని, తడి గోడకి ఆత్రంగా రంగు పూసిన ఆ పిల్లని తలుచుకుంటాను. కాస్త ఆగవే అని ఇప్పుడైతే చెప్పగలను. చెప్పినా వినేది కాదు. వినకపోవడమే బాగుందనిపించి, ఒక్కదాన్నే నవ్వుకుంటాను.